వేటకు ఎన్ని ఎకరాలు కావాలి? టెక్సాస్‌లో భూమి చూస్తున్న మనవాళ్ల కోసం ఒక లెక్క

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు వీకెండ్ వస్తే భూములు చూడటానికి బయల్దేరడం మామూలైపోయింది. పది ఎకరాలు, చిన్న చెరువు, నాలుగు మేకలు, వీలైతే ఒక షెడ్డు. అక్కడిదాకా అందరి ప్లానూ ఒకటే. ఆ తర్వాత ఇక్కడే పుట్టి పెరిగిన కొడుకో కూతురో "మన ల్యాండ్‌లోనే డీర్ హంటింగ్ చేయొచ్చు కదా నాన్నా" అంటారు. అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ క్షేమంగా వేటాడాలంటే ఎన్ని ఎకరాలు ఉండాలి?

బ్రోకర్‌ని అడిగితే తన దగ్గర అమ్మకానికి ఎన్ని ఎకరాలుంటే అన్నే చాలంటాడు. నా మాట వేరు. ఎకరాల సంఖ్య ఆఖర్న తేలాలి. తూటా ఎక్కడ ఆగుతుంది, దెబ్బ తిన్న జింక ఎక్కడ పడుతుంది, ఒకేసారి ఎంతమంది తుపాకీ పట్టుకుంటారు అనేవి ముందు తేలితే ఎకరాలు వాటంతట అవే తేలతాయి. ఆ వరసలోనే చెప్తాను.

ఒక విషయం ముందే. ఇదంతా టెక్సాస్ సంగతి. ఇండియాలో మన సొంత పొలంలోనైనా జింకని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పంట పాడుచేసే అడవిపందిని కొట్టాలన్నా ప్రభుత్వ అనుమతి ఉండాల్సిందే. ఇక్కడి అలవాటు పట్టుకుని సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సాహసాలు చేయకండి.

ముందు తుపాకీ ఎవరు పట్టుకోవచ్చో తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని ఇంట్లో వేటకి వచ్చేవాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరి పక్కన వయసు, ఇమిగ్రేషన్ స్టేటస్, హంటర్ ఎడ్యుకేషన్ (క్షేమంగా వేటాడటం నేర్పే కోర్సు) అయిందా లేదా రాయండి.

సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ స్టేటస్ వల్ల ఇబ్బంది లేదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. టెక్సాస్ ఏడాది లైసెన్సు గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న కొత్తది లేకపోతే బీరువాలో తుపాకీ ఉండటమే సమస్య. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనేముందు లాయర్‌తో ఒక గంట మాట్లాడటం డబ్బు దండగ కాదు.

మనం అసలు ఆలోచించని మనిషి ఇంకొకరున్నారు. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు, మామయ్యగారు. "ఒక్కసారి పట్టుకుని చూడండి మామయ్యా, ఫొటో తీస్తా" అని చేతికిస్తాం. ఆయనకీ అదే చట్టం. బైనాక్యులర్స్ ఇవ్వండి, ఫ్లాస్కులో కాఫీ ఇవ్వండి, తుపాకీ మాత్రం వద్దు.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. సర్టిఫికెట్‌కి కనీస వయసు 9 ఏళ్లు. అంతకన్నా చిన్న పిల్లలు పక్కన అర్హత ఉన్న పెద్దవాళ్లు లేకుండా వేటాడకూడదు. చట్టం పెద్ద పిల్లలకి కొంత వెసులుబాటు ఇచ్చినా, 17 నిండేదాకా పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టొద్దు.

ఈ లిస్టుతో ఒక లెక్క తేలుతుంది. నలుగురున్న కుటుంబానికి నాలుగు తుపాకులు, నాలుగు మంచెలు అక్కర్లేదు. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దవాళ్లు, ఆ ఇద్దరికీ కలిపి లోడ్ చేసిన తుపాకీ ఒక్కటే. అంటే ఒకేసారి రెండు చోట్ల చాలు. భూమికి సగం ఖర్చు ఇక్కడే తగ్గింది.

దేనితో కొడతారు?

చాలామంది దగ్గర దొరికే తప్పు అంచనా, "మా పిల్లాడిది చిన్న పాయింట్ టూటూ, అదేం చేస్తుంది" అనేది. ఆ చిన్న .22 తూటా ఒకటింబావు మైలు దాటి వెళ్లగలదు. జింకల వేటకి వాడే .30-06 లాంటి రైఫిల్ తూటా మూడు మైళ్లకు పైగా పోతుంది. షాట్‌గన్ స్లగ్ (ఒకే పెద్ద గుండు) అర మైలు దాటుతుంది, షాట్‌గన్ చిన్న గుళ్లు కూడా 500 గజాల దాకా వెళ్లొచ్చు. ఇవన్నీ పైకి ఎత్తి కాల్చి, మధ్యలో ఏదీ అడ్డం రాకపోతే చేరే దూరాలు.

దీన్నిబట్టి చూస్తే మూడు మైళ్ల చదరం కొంటే తప్ప క్షేమం లేదు. అంత భూమి ఎవరూ కొనరు, అవసరం కూడా లేదు. తూటా దూరం పోయేంత భూమి మనకి అక్కర్లేదు. తూటాని మన నేలలోకే దించేంత ఏర్పాటు కావాలి.

చట్టం చెప్పే అంకెలు

టెక్సాస్‌లో రాష్ట్రం మొత్తానికీ వర్తించే "వేటకి కనీసం ఇన్ని ఎకరాలు" అనే ఒక్క రూలు లేదు. కానీ పది, యాభై అనే రెండు అంకెలు పదేపదే ఎదురవుతాయి.

ఊళ్ల పరిధి బయట, సబ్‌డివిజన్‌లో (ప్లాట్లుగా విడగొట్టిన భూమిలో) పది ఎకరాలు గానీ అంతకు తక్కువ గానీ ఉన్న స్థలాల్లో కాల్పుల్ని నిషేధించే అధికారం కౌంటీకి ఉంది. విల్లు బాణాలకి కూడా ఇలాంటి అధికారమే ఉంది. అందుకే "సరిగ్గా పది ఎకరాలు" అని అమ్మే స్థలం దగ్గర ఆగి ఆలోచించండి. 10.01 ఎకరాలకీ 10 ఎకరాలకీ తేడా సర్వే కాగితంలోనే తెలుస్తుంది.

సిటీ చుట్టూ ఉండే ఎక్స్‌ట్రా-టెరిటోరియల్ పరిధి, 1981 సెప్టెంబర్ 1 తర్వాత సిటీలో కలిసిన ప్రాంతాలకి ఇంకో లెక్క. అక్కడ పది ఎకరాలు గానీ ఎక్కువ గానీ ఉండి, పక్కవాళ్ల ఇంటికి 150 అడుగులకు మించి దూరంలో ఉంటే షాట్‌గన్‌నీ విల్లునీ సిటీ ఆపకూడదు. రైఫిల్ అయితే 50 ఎకరాలు, 300 అడుగులు. రెండింటికీ, తూటా హద్దు దాటదన్న భరోసా ఉండాలి. చట్టం చేసినవాళ్లు కూడా రైఫిల్‌కి ఐదు రెట్లు భూమి అడిగారని గుర్తుపెట్టుకోండి.

వేటలో ఉండగా తూటా హద్దు దాటడమే టెక్సాస్‌లో నేరం. అవతలి భూమి కూడా మీదే అయితేనో, అవతలివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనో తప్ప. ఎవరికీ తగలకపోయినా నేరమే. పబ్లిక్ రోడ్డు మీదుగా కాల్చడం కూడా అంతే.

ఫ్రిస్కో, ప్లేనో వాళ్లకి ప్రత్యేకంగా: కాలిన్, డాలస్, రాక్‌వాల్, గ్రేసన్ కౌంటీల్లో జింకల్ని విల్లుతోనో క్రాస్‌బోతోనో మాత్రమే కొట్టాలి. వంద ఎకరాలున్నా రైఫిల్ కుదరదు. ఇంటికి గంట దూరంలో భూమి దొరికిందని సంబరపడి అడ్వాన్స్ ఇచ్చేముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల ఔట్‌డోర్ యాన్యువల్ యాప్‌లో ఆ కౌంటీ పేజీ తెరవండి. అందులో అన్నీ ఉంటాయి, రూలు మారితే అక్కడే తెలుస్తుంది.

కౌంటీ రూలు ఒప్పుకున్నా స్థలం దస్తావేజులు ఒప్పుకోకపోవచ్చు. పెద్ద రాంచ్‌ని ముక్కలు చేసి అమ్మేవాళ్లు "వేట నిషిద్ధం" అనో "రైఫిల్ నిషిద్ధం" అనో షరతు పెడుతుంటారు. టైటిల్ కంపెనీ ఇచ్చే కమిట్‌మెంట్‌లో ఇలాంటి షరతులు రాసే షెడ్యూల్ బి అని ఒక భాగం ఉంటుంది. ఎవరూ చదవరు. మీరు చదవండి.

తూటా లెక్క

ఇక అసలు సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, దీంట్లో ఉన్నది ఎనిమిదో తరగతి లెక్కే.

మీరు నేల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తుపాకీ గొట్టం నేలకి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. జింక ఛాతీ మూడు అడుగుల ఎత్తు. జింక 100 గజాల దూరంలో, అంటే 300 అడుగుల్లో ఉంది. తూటా 300 అడుగులు పోయేసరికి అర అడుగు మాత్రమే కిందికి దిగింది. గురి తప్పినా, జింకలోంచి దూసుకుపోయినా ఇంకా మూడు అడుగులు దిగాలి. గీత గీసినట్టు పోతే ఇంకో 1,800 అడుగులు. అంటే 600 గజాలు. తూటా తన బరువుకి వంగుతుంది కాబట్టి అంతకన్నా ముందే నేలని తాకుతుంది, అయినా జింకని దాటి 200 గజాల పైమాటే. పైగా అంత వాలుగా వచ్చి తగిలిన తూటా నేలలో దిగకుండా ఎగిరి మళ్లీ ముందుకి పోగలదు.

ఇప్పుడు అదే మనిషి మంచె ఎక్కాడు. మంచె పలక 12 అడుగుల ఎత్తు, కూర్చుంటే గొట్టం 15 అడుగులు. అదే జింక, అదే 100 గజాలు. ఇప్పుడు తూటా 300 అడుగుల్లో 12 అడుగులు దిగుతోంది. జింక దాటాక మిగిలిన మూడు అడుగులు దిగడానికి 75 అడుగులు చాలు. 25 గజాలు. జింక 50 గజాల్లో ఉంటే పన్నెండున్నర గజాల్లోనే నేలలో ఉంటుంది. 200 గజాల్లో ఉంటే 50 గజాలు పడుతుంది.

నేల మీది నుంచి వందల గజాలు, మంచె మీది నుంచి 25. ఒక నిచ్చెన, నాలుగు కాళ్లు, ఒక పలక. చేలో పిట్టల్ని తోలడానికి వేసే మంచె ఇక్కడ మనుషుల ప్రాణం కాపాడుతుంది. కొత్తగా భూమి కొన్న కుటుంబం ఎన్ని ఎకరాలున్నా సరే, చదునైన నేలలో రైఫిల్‌ని మంచె మీది నుంచే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. గుడారంలా ఉండే గ్రౌండ్ బ్లైండ్లు చవకగా దొరుకుతాయి, పిల్లలకి చలి వేయదు, అవన్నీ నిజమే. వాటిని వెనక కొండ వాలు ఉన్నచోటే వేయండి.

మంచెకి కూడా ఒక హద్దు ఉంది. కుటుంబ వేటలో 100 గజాలకు మించి కొట్టొద్దని ముందే అనుకోండి. యూట్యూబ్‌లో 400 గజాలు కొట్టేవాళ్ల సంగతి మనకొద్దు. 50, 75, 100 గజాల దగ్గర రంగు వేసిన కర్రలు పాతండి. వంద కర్ర అవతల ఉన్నది ఎంత పెద్ద కొమ్ముల జింకైనా చూసి ఆనందించడమే.

గజాల నుంచి ఎకరాలకి

ఒక మంచెకి ఎంత నేల కావాలో ఇప్పుడు లెక్కేద్దాం. జింక 100 గజాల్లో ఉంటుంది. దాని వెనక ఇంకో 200 గజాలు మనదే అయి ఉండాలంటాను. తూటాకి 25 గజాలు చాలు కదా అంటే, అది కాగితం మీద. పిల్లల చేయి వణుకుతుంది, తుపాకీ కాస్త పైకి లేస్తుంది, నేల గుంటలు మిట్టలుగా ఉంటుంది, రాయి తగిలి తూటా దారి మళ్లుతుంది. మొత్తం 300 గజాల లోతు.

ఇక వెడల్పు. మంచె కిటికీలోంచి తుపాకీ ఎంత తిరగాలో మనమే నిర్ణయించాలి. 60 డిగ్రీలు చాలు. 300 గజాల లోతు, 60 డిగ్రీల కోణం ఉన్న విసనకర్ర ఆకారం సుమారు 47,000 చదరపు గజాలు. ఎకరం 4,840 గజాలని మనకి నోటికొచ్చు కాబట్టి, పదెకరాలకి కొంచెం తక్కువ. కానీ భూమిని విసనకర్ర ఆకారంలో ఎవరూ అమ్మరు. అది పట్టే చదరం 300 గజాలు × 300 గజాలు, సుమారు పద్దెనిమిదిన్నర ఎకరాలు. దానికి వెనకా పక్కలా హద్దు నుంచి కాస్త ఖాళీ వదలాలి. అలా 40 ఎకరాల చదరం దగ్గరికి వస్తాం.

40 ఎకరాల చదరం ఒక్కో వైపు 440 గజాలు, పావు మైలు. మంచెని ఒక వైపు హద్దు మధ్యలో, లోపలికి 40 గజాల్లో వేసి అవతలి వైపు చూసేలా పెడితే ముందు 400 గజాలు మనవే. విసనకర్ర అంచు దగ్గర కూడా పక్క హద్దుకి ఇంకా 70 గజాలు మిగులుతుంది. చదునైన నేలలో రైఫిల్‌తో ఒక పిల్ల, ఒక పెద్ద కూర్చోవడానికి ఇది నేను ఒప్పుకునే కనీసం. ముందు చెప్పిన యాభై ఎకరాల రూలు మీ ప్రాంతానికి వర్తిస్తే ఆ యాభయ్యే కనీసం అవుతుంది.

రెండు మంచెలు ఒకేసారి కావాలంటే వాటిని పక్కపక్కనే, రెండూ ఒకే దిక్కు చూసేలా పెట్టాలి. ఎదురెదురుగా పెట్టకూడదని చెప్పక్కర్లేదు. వీపులు ఆనించినట్టు పెట్టి చెరో వైపు చూడటం బాగానే ఉన్నట్టనిపిస్తుంది గానీ, అప్పుడు రెండు తుపాకులూ చెరో పొరుగువాళ్ల వైపు తిరుగుతాయి. వంద ఎకరాల చదరం ఒక్కో వైపు సుమారు 695 గజాలు. రెండు 300 గజాల విసనకర్రలు అందులో ఒకదానికొకటి తగలకుండా పడతాయి. ముందు చెప్పిన నలుగురి కుటుంబానికి అది హాయిగా సరిపోయే భూమి. అంత కొనలేకపోతే 40 ఎకరాల్లోనే ఈ పూట పెద్ద పిల్ల, రేపు చిన్న పిల్ల అని వంతులేసుకోండి.

పదెకరాలు? చదరమైతే ఒక్కో వైపు 220 గజాలు. రైఫిల్‌కి వద్దు. విల్లుకైతే, కౌంటీ ఒప్పుకుంటే, కుదురుతుంది. 15 అడుగుల ఎత్తు నుంచి 20 గజాల్లో ఉన్న జింక మీదికి వదిలిన బాణం ఐదు గజాలు దాటకుండా నేలలో గుచ్చుకుంటుంది. అయితే పదెకరాలు చదరంగా ఉండాలి. ఇక్కడ రోడ్డు ఫేసింగ్ కోసం 200 అడుగుల వెడల్పు, 2,178 అడుగుల పొడవు బిట్లు కోసి అమ్ముతుంటారు. అవీ పదెకరాలే. 200 అడుగులంటే 66 గజాలు. మధ్యలో నిలబడితే ఏ పక్క హద్దు అయినా 33 గజాల్లో ఉంటుంది. అందులో వేట మాట మర్చిపోయి మేకల్ని పెంచండి.

డవ్ (గువ్వల) వేటకి షాట్‌గన్‌తో వరసగా నడిచేటప్పుడు మనిషికీ మనిషికీ 25 నుంచి 40 గజాల ఎడం, ముగ్గురికి మించకుండా వరస, ఎవరి ముందు భాగం వాళ్లదే. హంటర్ ఎడ్యుకేషన్‌లో నేర్పేది ఇదే, దానికి ఇంకేం కలపక్కర్లేదు. గుళ్లు పక్క పొలంలో రాలకూడదు కాబట్టి చిన్న భూమిలో ఇది కష్టం.

అడవిపందుల గురించి చాలామంది అడుగుతారు. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో పందుల్ని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. రాత్రిళ్లు కూడా కొట్టొచ్చు. అందుకే ప్రమాదం. చీకట్లో పంది కనబడుతుంది గానీ దాని వెనక ఏముందో కనబడదు. వందెకరాల్లోపు ఉన్నవాళ్లు పందులకి బోను పెట్టుకోవడం మేలు. వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. పందికి లైసెన్సు అక్కర్లేకపోయినా, తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి మీకు లైసెన్సు కావాలి.

నేల మీదికెళ్లి చూడండి

పై అంకెలన్నీ చదునైన నేలకి. టెక్సాస్ అంతా ఒకేలా ఉండదు.

ల్లానో వైపు హిల్ కంట్రీలో గుట్టలుంటాయి. వాలు వైపు తిరిగి కొడితే గుట్టే తూటాని ఆపుతుంది కాబట్టి తక్కువ భూమితో గడుస్తుంది. కానీ రాతి మీద తూటా ఎగిరిపోతుంది, గుట్ట అంచున ఆకాశం వెనక పెట్టుకుని నిలబడ్డ జింకని అసలు కొట్టకూడదు. డాలస్‌కి ఉత్తరాన నల్లరేగడి మైదానాలు మన కర్నూలు వైపు చేలలా చాప పరిచినట్టుంటాయి. అక్కడ మంచె ఎత్తు తప్ప ఆపేది లేదు. తూర్పు టెక్సాస్ పైన్ అడవిలో 50 గజాలు కూడా కనబడదు. చెట్లు ఆపుతాయిలే అనుకోవద్దు, చెట్ల మధ్య ఖాళీయే ఎక్కువ. దక్షిణాన ముళ్లకంపల్లో సెండేరో అని పొడవాటి దారులు కొడతారు. చూడటానికి బాగుంటాయి, కొన్ని నేరుగా కంచె దాకా పోతాయి. దారి కొసన కంచె ఉంటే మంచెని ఆ వైపు తిప్పకండి.

భూమి చూడటానికి చలికాలంలో వెళ్లండి. ఆకులు రాలాక పక్కవాళ్ల ఇళ్లు బయటపడతాయి. అమ్మేవాళ్ల అనుమతి తీసుకుని ఒక నిచ్చెన, ఒక రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం), రెండు తెల్ల పంచెలో బెడ్‌షీట్లో పట్టుకెళ్లండి. మంచె వేద్దామనుకున్న చోట నిచ్చెన వేసి ఎక్కండి. 100 గజాల్లో ఒకరు మూడడుగుల ఎత్తులో గుడ్డ పట్టుకోవాలి. నిచ్చెన మీద కూర్చున్న మీ కంటికి గుడ్డ వెనక ఏం కనబడుతోంది? మన్ను కనబడాలి. కంచె, రోడ్డు, పక్కింటి పైకప్పు, నీళ్లు, ఆకాశం, వీటిలో ఏది కనబడినా ఆ దిక్కు పనికిరాదు. చెరువు నీళ్లని కూడా రాయితో సమానంగా లెక్కేయండి, తూటా నీళ్ల మీద కూడా ఎగురుతుంది. గుడ్డ పట్టుకున్న మనిషిని పక్కకి నడవమనండి, మన్ను కనబడటం ఆగిన చోట నేలలో కర్ర గుచ్చమనండి. ఎడమ కర్ర, కుడి కర్ర. మీ విసనకర్ర అదే. 60 డిగ్రీలు వస్తుందనుకుంటే చాలాసార్లు 35 దగ్గరే ఆగిపోతుంది.

ఆదివారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి. పక్కవాళ్ల పిల్లలు ఏటీవీలు ఎక్కడ తిప్పుతున్నారు, గుర్రాలు ఎక్కడ మేస్తున్నాయి, ఎవరు ఏ దారిలో నడుస్తున్నారు అన్నది మ్యాపులో ఉండదు.

టెక్సాస్‌లో పైన భూమి మనదైనా కింద ఖనిజ హక్కులు వేరేవాళ్లవి కావడం మామూలే. గ్యాస్ బావి ఉంటే కంపెనీ మనుషులు చెప్పకుండా ఎప్పుడైనా రావచ్చు. పైప్‌లైన్, కరెంటు లైన్ ఈజ్‌మెంట్లూ (లైను కోసం వచ్చిపోయే హక్కు కంపెనీకి ఉన్న చారలు) అంతే. ఆ చారలన్నీ సర్వే మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీసి, వేట భూమి లెక్కలోంచి తీసేయండి. 40 ఎకరాల్లో ఇలా పోగా 25 మిగిలితే మీకున్నది 25.

గాయపడ్డ జింక

గుండె, ఊపిరితిత్తుల్లో దెబ్బ తగిలిన జింక కూడా అక్కడికక్కడ పడిపోవాలని లేదు. వంద గజాలు, కొన్నిసార్లు 150 పరిగెత్తి పడుతుంది. బాణం దెబ్బకైతే ఇంకా మామూలు. టెక్సాస్‌లో మీరు కొట్టిన జింకే అయినా, పక్కవాళ్ల అనుమతి లేకుండా కంచె దాటి తెచ్చుకోకూడదు. రక్తపు చుక్కలు కంచె కింద నుంచి వెళ్తుంటే కంచె దగ్గరే నిలబడి ఫోన్ చేయాలి. పిల్లలు ఏడుస్తారు. ఫోన్ ఎత్తకపోతే ఆ జింక అక్కడే చస్తుంది.

కాబట్టి మేత పెట్టే ఫీడర్ చుట్టూ 150 గజాల వృత్తం గీయండి. అది పద్నాలుగున్నర ఎకరాలు. ఆ వృత్తం మీ హద్దులో ఇమిడితే సరే. ఇమడకపోతే ఏ పొరుగువాళ్ల వైపు బయటికి వస్తోందో వాళ్లతో కొనకముందే మాట్లాడండి. ఇక్కడి పల్లెల్లో మనుషులు మనం అనుకున్నంత బిగుసుకుని ఉండరు. దీపావళికి ఒక స్వీట్ల డబ్బా ఇచ్చి, ఫోన్ నంబర్లు మార్చుకుని, మంచె ఎక్కడ వేస్తున్నామో, ఎటు చూస్తుందో చెప్పి, జింక మీ వైపు వస్తే వచ్చి తెచ్చుకోవచ్చా అని ఒక కాగితం మీద సంతకం అడగండి. వాళ్ల మంచె ఎటు చూస్తుందో కూడా అడిగి తెలుసుకోండి. మీ విసనకర్ర ఎంత బాగున్నా, పక్కవాడి విసనకర్ర మీ ఇంటి మీదికి ఉంటే ఏం లాభం.

ఎంత భూమి కొన్నా జింకలు మీవి అవ్వవు. మగ జింక తిరిగే మేర చదరపు మైలుని, అంటే 640 ఎకరాల్ని, దాటొచ్చు. "మన జింకల్ని మనమే పెంచుకుందాం" అని ఎకరాలు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు. క్షేమంగా కొట్టడానికి కావలసినంత కొనండి, మిగతాది పొరుగువాళ్లతో మాట.

కొనకుండా ఒక సీజన్

డబ్బు కట్టేముందు ఒక సీజన్ లీజుకి తీసుకుని చూడమంటాను. టెక్సాస్‌లో తొంభై శాతానికి పైగా భూమి ప్రైవేటుదే కాబట్టి వేట లీజులు ఇక్కడ పాత వ్యాపారం. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకైతే టెక్సాస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ ఉంది, అనుభవం ఉన్న గైడ్లు పక్కనుండి నేర్పిస్తారు. పిల్లకి తెల్లవారుజామున లేవడం, చలిలో కదలకుండా కూర్చోవడం, చచ్చిన జింకని కోయడం నచ్చుతాయో లేదో అక్కడే తేలిపోతుంది. నచ్చకపోతే వందెకరాల ఖర్చు తప్పింది, పదెకరాల్లో మేకలు చాలు. ఏడాదికోసారి కొనే పబ్లిక్ హంటింగ్ పర్మిట్‌తో ప్రభుత్వ వేట భూములకీ వెళ్లొచ్చు గానీ, అక్కడ మీ చుట్టూ ఎవరున్నారో మీకు తెలియదు. చిన్నపిల్లలతో మొదటి ఏడాది అటు పోవద్దు.

కొన్నాక

మంచె కిటికీకి రెండు పక్కలా, ఆ రోజు గుచ్చిన ఎడమ కర్ర, కుడి కర్ర వరకే గొట్టం తిరిగేలా చెక్క దిమ్మెలు బిగించండి. ఇంటి వైపు, రోడ్డు వైపు ఉన్న కిటికీలని ప్లైవుడ్‌తో శాశ్వతంగా మూసేయండి. జింక ఎటు నుంచి వచ్చినా ఆ కంగారులో పిల్ల చేయి అటు తిరగడానికి దారే ఉండకూడదు.

హద్దు చెట్లకీ స్తంభాలకీ ఊదా రంగు గీతలు వేయండి. టెక్సాస్‌లో అవి "లోపలికి రావద్దు" బోర్డుతో సమానం. నిలువు గీత కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు, కింది కొస నేలకి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండాలి. అడవిలో గీతకీ గీతకీ మధ్య 100 అడుగులు మించకూడదు, బయలు నేలలో 1,000 అడుగులు.

ప్రైవేటు భూమిలో ఆరెంజ్ జాకెట్లు వేసుకోవాలని టెక్సాస్ చట్టం అడగదు. మీరు మాత్రం వేసుకోండి, పిల్లలకి టోపీతో సహా. ఎవరు ఏ మంచెలో, ఎన్నింటి దాకా ఉంటారో ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి వెళ్లండి. మంచె దిగేముందు తూటా తీసేయాలి, తాడుతో తుపాకీని కిందికి దించాకే మనిషి దిగాలి.

కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలో అమ్మకానికి వస్తాయి. అవి కొన్న వారంలోనే పాత నిచ్చెన పట్టుకుని భూమికి వెళ్లి ప్రతి మంచె ఎక్కి చూడండి. నిరుడు ఖాళీగా ఉన్న పక్క పొలంలో ఈ ఏడాది ఇల్లు లేచి ఉండొచ్చు, హైవేకి దగ్గర్లో అయితే తప్పకుండా లేస్తుంది. లేస్తే దిమ్మెలు విప్పి కోణం తగ్గించండి. తగ్గించడానికి చోటు లేకపోతే మంచె మార్చండి, మార్చడానికీ చోటు లేకపోతే ఆ భూమిలో రైఫిల్ ఆపేసి విల్లుకి వెళ్లండి.